బొమ్మ వెనక ఎవరెవరున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు దాదాపు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అందుకని మిగతావి వచ్చే సంచికకు ఉంచి ఈ మూడింటికే తీరిగ్గా జవాబు రాస్తున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పెద్దదైంది, అడిగిన ప్రశ్న అలాంటిది.

ప్రశ్న: నమస్తే మేడమ్. న్యూజెర్సీలో ఉండే మా అమ్మాయి నన్ను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి తీసుకెళ్ళింది. జాన్ సింగర్ సార్జెంట్ వేసిన ‘మేడమ్ ఎక్స్’ ముందు చాలాసేపు నిలబడిపోయాను. అది చూసి ఆయన బొమ్మల పుస్తకం ఒకటి కొనిచ్చింది. అందులో అదే మనిషి 1917లో ఫ్లోరిడాలో వేసిన వాటర్‌కలర్ ఉంది, నీటి మడుగు పక్కన సేదతీరుతున్న ఒక మనిషి బొమ్మ. కింద ‘మిసెస్ ఫ్రాన్సిస్ ఆర్మండ్ బహుమతి, 1950’ అనీ, 50.130తో మొదలయ్యే ఏదో నంబరూ ఉన్నాయి. ఎవరీవిడ? ఆయన చనిపోయిన ఇన్నేళ్ళకు ఆ బొమ్మ ఆవిడ దగ్గర ఎందుకుంది? అంత గొప్పవాళ్ళ పోర్ట్రెయిట్లు వేసినాయన చివరికి ఇలాంటి బొమ్మలు వేయడమేంటి?
– హబ్సిగూడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆవిడ సార్జెంట్ సొంత చెల్లెలమ్మా. పేరు వయొలెట్. 1891లో ఫ్రాన్సిస్ ఆర్మండ్‌ని పెళ్ళి చేసుకుంది. అప్పటి పద్ధతి ప్రకారం దాత పేరు రాసేచోట భర్త పేరే రాశారు కాబట్టి ఆ లైన్లో సార్జెంట్ అన్న ఇంటిపేరు ఎక్కడా కనపడదు, చదివినవాళ్ళందరికీ ఎవరో డబ్బున్న మహారాణి కొనుక్కుని దానం చేసిందనే అనిపిస్తుంది. నిజానికి ఆ బొమ్మ వేసినాయన ఇల్లు దాటి బయటివాళ్ళ చేతికి వెళ్ళింది ఒక్కసారే, మ్యూజియానికి ఇచ్చినప్పుడు.

మీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెడితేనే మిగతా రెండూ అర్థమవుతాయి. సార్జెంట్ 1856లో ఫ్లోరెన్స్‌లో పుట్టిన అమెరికన్. చదువూ పేరూ ప్యారిస్‌లో. మీరు చూసిన ‘మేడమ్ ఎక్స్’ని 1884లో అక్కడి సలోన్‌లో, అంటే ఏటా జరిగే పెద్ద చిత్రప్రదర్శనలో పెట్టినప్పుడు, ఆ నల్ల గౌను భుజం పట్టీ ఒకటి జారినట్టు వేశాడని ఊరంతా గోల చేసింది. తర్వాత ఆ పట్టీని పైకి వేసి సరిచేశాడు గానీ ప్యారిస్‌లో పోర్ట్రెయిట్లు అడిగేవాళ్ళు తగ్గిపోయారు, ఆయన లండన్ వెళ్ళిపోయాడు. ఆ బొమ్మను మాత్రం ఏళ్ళ తరబడి తన స్టూడియోలోనే ఉంచుకుని, అందులో ఉన్నావిడ 1915లో చనిపోయాక, 1916లో మెట్రోపాలిటన్‌కు అమ్మాడు. అమ్ముతూ కూడా ఆవిడ పేరు బయట పెట్టొద్దని అడిగాడు. అందుకే మీరు చూసిన బొమ్మకు ఆ పేరు.

లండన్‌లో ఆయన దశ తిరిగింది. ప్రభువులు, బ్యాంకర్లు, వాళ్ళ భార్యలు, పిల్లలు ఆయన ముందు కూర్చోవడానికి క్యూ కట్టారు, నిలువెత్తు బొమ్మకు వెయ్యి గినీల (అప్పటి ఇంగ్లండ్ డబ్బు) దాకా తీసుకునేవాడు. అంత డిమాండులో ఉండగానే 1907 నాటికి విసుగొచ్చేసింది. ఇక పోర్ట్రెయిట్లు వద్దు, ముఖ్యంగా పై తరగతి వాళ్ళవి అసలే వద్దు అని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. తప్పనిసరైనవాళ్ళకు బొగ్గుతో ముఖాలు గీసి పంపేవాడు, కొద్దిమందికి మాత్రం నూనెరంగుల్లోనూ వేశాడు. మిగిలిన టైమంతా వెనిస్, ఆల్ప్స్, స్పెయిన్, కార్ఫు అని తిరుగుతూ నీటిరంగులు. ఇవి ఎవరూ ఆర్డరిచ్చినవి కావు, తన కోసం వేసుకున్నవి. నన్నడిగితే ఆయన చెయ్యి నిజంగా స్వేచ్ఛగా ఆడింది వీటిలోనే. వెలుగు కావలసినచోట కాగితాన్ని ఖాళీగా వదిలేస్తాడు, కొన్నిచోట్ల ముందే మైనం రాసి రంగు అంటకుండా చేస్తాడు, ఇంకా కావాలంటే ఆరిన రంగును బ్లేడుతో గీకి తెలుపు పైకి తెస్తాడు. మీ పుస్తకం మంచి ప్రింటైతే నీళ్ళ మీద వెలుగు తునకల్ని కాస్త దగ్గరగా పెట్టుకుని చూడండి, ఏది పూసిన తెలుపో, ఏది వదిలేసిన కాగితమో మీకే తెలిసిపోతుంది.

ఈ వాటర్‌కలర్లను విడివిడిగా ఇళ్ళకు అమ్మడం ఆయనకు పెద్దగా ఇష్టం ఉండేది కాదు. 1909లో న్యూయార్క్‌లో నోడ్లర్ గ్యాలరీలో ప్రదర్శన పెడితే బ్రూక్లిన్ మ్యూజియం ఒక్క దెబ్బకు 83 కొనేసింది. 1912లో బోస్టన్ మ్యూజియం 45 తీసుకుంది.

ఇప్పుడు మీ బొమ్మ. 1917లో ఆయన ఫ్లోరిడా వెళ్ళింది చమురు కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ పోర్ట్రెయిట్ వేయడానికి. మానేశానన్న పని మీదే వెళ్ళాడు, అక్కడే ఉండిపోయి చివరి రోజుల్లో వేసినవాటిలో అతి గొప్ప వాటర్‌కలర్లు వేశాడు. మయామీ దగ్గర జేమ్స్ డీరింగ్ అనే కోటీశ్వరుడు విజ్కాయా అని ఇటలీ పద్ధతిలో పెద్ద భవనం కట్టించుకుంటున్నాడు. ఆ భవనాన్నీ వేశాడు గానీ, అక్కడ పనిచేసే నల్లజాతి కూలీలు సముద్రం ఒడ్డున సేదతీరడం, తాటి జాతి పొదలు, బురదలో పొర్లే ఎలిగేటర్లు, వీటి దగ్గర ఆయన కుంచె మరీ హుషారుగా ఆడింది. అరవై ఒకటో ఏట, యజమానుల ముఖాలు వేసీ వేసీ అలసిన మనిషి కూలీల దగ్గర ఆగాడు చూడండి, నాకు ఆ సంగతి చాలా ఇష్టం.

అక్కడినుంచి ఒకే ప్రయాణంలో పుట్టిన బొమ్మలు రెండు దారుల్లో వెళ్ళాయి. ఆ ఎలిగేటర్ల బొమ్మతో పాటు మొత్తం పదకొండింటిని అదే 1917లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మ్యూజియం కొనేసింది. వాటి చరిత్ర ఒక్క లైను: చిత్రకారుడు, ఆ తర్వాత మ్యూజియం. మీరు చూసినది మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. 1925 ఏప్రిల్‌లో లండన్‌లో నిద్రలోనే చనిపోయాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఉన్నదంతా ఇద్దరు చెల్లెళ్ళు ఎమిలీ, వయొలెట్‌లకు వచ్చింది. ఆ జూలైలోనే క్రిస్టీస్ వాళ్ళు స్టూడియోలోని బొమ్మల్ని వేలం వేశారు, అప్పుడు చాలా బొమ్మలు నలుమూలలా చెదిరిపోయాయి. అయినా చెల్లెళ్ళు చాలా అట్టిపెట్టుకున్నారు. 1936లో ఎమిలీ పోయింది. 1950లో వయొలెట్, అప్పటికి ఎనభై ఏళ్ళు, పెద్ద మొత్తంలో మెట్రోపాలిటన్‌కు ఇచ్చేసింది.

అట్టిపెట్టుకున్నవి ఊరికే బొమ్మలు కావు. వయొలెట్ కూతుళ్ళలో రోజ్-మారీ అనే అమ్మాయి, ఆల్ప్స్ వేసవుల్లో కశ్మీరు శాలువా చుట్టుకుని మేనమామకు గంటలకొద్దీ మోడల్‌గా ఉండేది. ఆ అమ్మాయి భర్త 1914లో యుద్ధంలో పోయాడు. తను నర్సుగా చేరి, చూపు పోయిన సైనికులకు సేవ చేసింది. 1918 గుడ్ ఫ్రైడే నాడు ప్యారిస్‌లో చర్చిలో ఉండగా జర్మన్ ఫిరంగి గుండు పడి చనిపోయింది. కొద్ది నెలలకే సార్జెంట్ యుద్ధరంగానికి వెళ్ళాడు, అక్కడ గడ్డిలో ఒళ్ళారబెట్టుకుంటున్న సైనికుల్ని వాటర్‌కలర్లో వేశాడు, అవి కూడా వయొలెట్ 1950లో ఇచ్చినవాటిలో ఉన్నాయి. ఇది తెలిశాక ‘మిసెస్ ఫ్రాన్సిస్ ఆర్మండ్’ అన్న మూడు ముక్కలు నేను మునుపటిలా చదవలేకపోతున్నాను. ఇంకో మాట, ఎమిలీ కూడా వాటర్‌కలర్లు వేసేది, అన్నతో కలిసి తిరుగుతూ. అవి ఒక పెట్టెలో పడి ఉండగా 1998లో కుటుంబంవాళ్ళ కంటబడ్డాయి, ఈమధ్యే వాళ్ళు మ్యూజియంలకు పంచిపెట్టారు.

ఆ నంబరు సంగతి తేలిక. 50 అంటే 1950. 130 అంటే ఆ ఏడాది మ్యూజియం పుస్తకంలో ఎక్కిన నూట ముప్పయ్యో చేర్పు. దాని తర్వాత చుక్క పెట్టి వేసిన అంకె, ఆ ఒక్క బహుమతిలో ఈ బొమ్మ ఎన్నోదో చెబుతుంది. మీ పుస్తకంలో ఇంకెక్కడ 50.130 కనపడినా అది వయొలెట్ ఇంటినుంచి వచ్చినదే. ఒకసారి తిరగేసి చూడండి.

పుస్తకం చివర్లో ఒక్కో బొమ్మకు చిన్న అక్షరాల్లో ఎవరినుంచి ఎవరికి వెళ్ళిందో రాసి ఉంటే అదీ చదవండి. అమెరికా మ్యూజియంలు చాలావరకు పాటించే పద్ధతి ఏంటంటే, ఇద్దరి పేర్ల మధ్య సెమీకోలన్ ఉంటే బొమ్మ నేరుగా చేతికి చెయ్యి మారిందని, ఫుల్‌స్టాప్ ఉంటే మధ్యలో ఏం జరిగిందో రికార్డు లేదని. మనం హైదరాబాద్‌లో ప్లాటు కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లలో ఒక్కటి లేకపోయినా లాయరు ఎలా ఆగిపోతాడో, మ్యూజియంవాళ్ళూ ఆ ఫుల్‌స్టాప్ దగ్గర అలాగే ఆగుతారు. అదీ 1933కూ 1945కూ మధ్య యూరప్‌లో పడిందంటే మరీను, ఎందుకంటే నాజీలు యూదు కుటుంబాల దగ్గర లాక్కున్న కళాఖండాలు ఎన్నో ఆ సందులోనే పేర్లు మార్చుకుని బయటికొచ్చాయి. అలాంటివాటి చరిత్ర వెతికి వారసులతో న్యాయంగా తేల్చుకోవాలని 1998లో వాషింగ్టన్‌లో 44 దేశాలు ఒప్పుకున్నాయి కూడా.

మన ఊళ్ళో ఇలాంటి చరిత్ర దగ్గరగా చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్ళండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన బొమ్మ, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నాడు, ఇంట్లోనే తరాలు మారి మనవడు మూడో సాలార్‌జంగ్ దాకా వచ్చింది. ఆయనకూ పెళ్ళి లేదు, 1949లో పోయాడు. 1951లో వాళ్ళ నివాసం దివాన్ దేవిడీలో ఆ సేకరణంతా మ్యూజియంగా తెరిచారు, 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ సంస్థ అయింది. సెల్ఫీ తీసుకునే జనం పక్కకు జరిగాక ఓ నిమిషం ఈ పేర్ల వరస తలుచుకుని చూడండి.

ప్రశ్న: మేడమ్, మా తాతగారు రాజమండ్రిలో ఉద్యోగం చేసి తర్వాత హైదరాబాద్ వచ్చేశారు. ఆయన గదిలో గోదావరి, పడవలు ఉన్న చిన్న వాటర్‌కలర్ ఎప్పటినుంచో ఉంది. మూలన 1921 అని ఉంది, సంతకం సరిగ్గా కనపడదు. అది దామెర్ల రామారావుగారిదని మా అన్నయ్య నమ్మకం, లక్షలొస్తాయి అమ్మేద్దాం అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో తీసిన ఫొటో పంపుతున్నాను, చెప్పగలరా?
– బర్కత్‌పుర నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫొటో చూసి అది ఫలానావారిదని ఎవరైనా చెబితే నమ్మకండి బాబూ, నేను చెప్పినా సరే. దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. 1921 అన్న తేదీ ఆయన కాలానికి సరిపోతుంది, నిజమే. కానీ అప్పట్లో రాజమండ్రిలో రంగులు పట్టింది ఆయనొక్కరే కాదు. ఆయన్ని ప్రోత్సహించిన కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర 1919లో వెళ్ళిపోయేదాకా స్వయంగా బొమ్మలు వేసేవాడు, వరదా వెంకటరత్నంగారు ఉన్నారు, రామారావుగారి భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఆయన బొమ్మలు ఈ రోజు రాజమండ్రి గ్యాలరీలో చూడగలుగుతున్నామంటే అవి ఇంటివాళ్ళు, స్నేహితులు జాగ్రత్త చేసినందుకే. చేయి పోల్చాలంటే అక్కడికి వెళ్ళి అసలు బొమ్మలు చూడాలి, ఫోన్లో కాదు.

అంతకంటే ముందు మీ ఇంట్లోనే చేయాల్సిన పని ఉంది. గోడమీంచి దించి వెనక్కి తిప్పండి. ఫ్రేము వెనక అట్ట మీద షాపు లేబుల్ ఉందా? అడ్రస్‌లో ‘హైదరాబాద్ దక్కన్’ అన్న పాత పేరు ఉందా, ఊరి పేరు పక్కన పిన్‌కోడ్‌కు ముందటి ఒకటి రెండు అంకెలే ఉన్నాయా, ఆరంకెల పిన్‌కోడ్ ఉందా చూడండి. పిన్‌కోడ్ మనకు వచ్చింది 1972 ఆగస్టు 15న, కాబట్టి అది ఉంటే ఆ లేబుల్ అతికించింది ఆ తర్వాతే. పెన్సిల్ రాతలు, చీటీలు, ధర, ఎవరో ఇచ్చినట్టు రెండు ముక్కలు, ఏది కనపడినా తుడవకుండా వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫొటోలు తీయండి. అట్టను మీరే ఊడబీకొద్దు, పాత జిగురు కాగితాన్ని పట్టుకుని ఉంటుంది, చిరిగిందంటే అతికేది కాదు. గోధుమరంగు మచ్చలు ఉన్నా గుడ్డ పెట్టి రుద్దొద్దు. ఎండ తగిలే గోడకు, వానాకాలంలో చెమ్మెక్కే గోడకు మళ్ళీ తగిలించొద్దు, నీటిరంగు వెలిసిందంటే తిరిగి రాదు.

ఇక మనుషులు. మీ ఇంట్లో తాతగారిని బాగా ఎరిగిన పెద్దవాళ్ళు ఎవరున్నా, అత్తయ్య గానీ బాబాయి గానీ, ఈ వారమే వెళ్ళి కూర్చోండి. ఆ బొమ్మ కొన్నారా, ఎవరైనా ఇచ్చారా, ఏ ఇంట్లో ఏ గోడకుండేది, మధ్యలో ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసి, తేదీ వేసి సంతకం పెట్టించండి. పాత ఆల్బమ్‌లో గ్రూప్ ఫొటో వెనక గోడ మీద ఈ బొమ్మ కనపడిందనుకోండి, ఆ ఒక్క ఫొటో అన్నయ్య నమ్మకం కంటే ఎన్నో రెట్లు విలువైనది. ఎవరు వేశారో చివరికి తేలకపోయినా ఎవరి దగ్గర ఉందో మాత్రం తేలుతుంది, రేపు చూసే నిపుణుడికి పట్టు దొరికేది దాంతోనే.

చట్టం సంగతి కూడా మీ అన్నయ్యకు చెప్పండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన పెయింటింగ్ పురావస్తువు కిందికి వస్తుంది. 1921 నిజమైతే మీది ఆ గీత దాటేసింది. ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశంలో అమ్ముకోవచ్చు, కానీ రిజిస్టర్ చేయించాలి, దేశం దాటించడానికి మాత్రం వీల్లేదు. ఎవరైనా ‘దుబాయ్‌లో పార్టీ ఉంది, సూట్‌కేసులో పెట్టేద్దాం’ అంటే అక్కడితో మాట ఆపేయండి. నా మాటగా అన్నయ్యను కొన్నాళ్ళు ఆగమనండి. ఇప్పుడు అమ్మితే సంతకం లేని గోదావరి బొమ్మ ధరే వస్తుంది, తాతగారి కథ కూడా ఆ ధరలోనే పోతుంది.

ప్రశ్న: ఒక బ్రోకరు బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్ బొమ్మ మూడు లక్షలకే ఇస్తానంటున్నాడు. సర్టిఫికెట్ ఉందట. రెండు రోజుల్లో చెప్పమంటున్నాడు. తీసుకోవచ్చా?
– మియాపూర్ నుంచి ఒక ఐటీ ఉద్యోగి

జవాబు: వద్దు. కనీసం ఈ రెండు రోజుల్లో వద్దు.

మన దేశంలో దొంగ బొమ్మలు ఎక్కువగా పుట్టేది ఎవరి పేరు మీదంటే మొదట చెప్పుకునే పేర్లలో ఆయనదొకటి. గీతలు చూడటానికి సులువుగా ఉంటాయి, ఒకే బొమ్మను ఆయనే మళ్ళీ మళ్ళీ వేశారు, ఇంట్లోవాళ్ళూ చేయి వేసేవారు, ఇవన్నీ మోసగాళ్ళకు కలిసొచ్చాయి. సర్టిఫికెట్ అన్నది ఒక మనిషి అభిప్రాయం రాసిన కాగితం. మీరు అడగాల్సింది వేరే: ఇది జామినీ రాయ్ ఇంటినుంచి ఎవరు తీసుకున్నారు, ఏ సంవత్సరంలో, వాళ్ళ దగ్గరనుంచి ఎవరికి, రసీదులేవి, ఎక్కడైనా ప్రదర్శించారా, ఏ క్యాటలాగ్‌లో అచ్చయింది. రసీదు మీద గ్యాలరీ పేరుంటే ఆ గ్యాలరీకి మీరే ఫోన్ చేయండి, బ్రోకరు ఇచ్చిన నంబరుకు కాదు. ‘కలకత్తాలో పాత జమీందారు కుటుంబం, పేరు చెప్పొద్దన్నారు’ అంటే నాకైతే అది ఏమీ చెప్పనట్టే.

ఇంకోటి తెలుసుకోండి. రవీంద్రనాథ్ ఠాగూర్, అమృతా షేర్‌గిల్, రాజా రవివర్మ లాంటి తొమ్మిదిమంది చిత్రకారుల బొమ్మలకు మన ప్రభుత్వం జాతీయ కళాసంపద అన్న గుర్తింపు ఇచ్చింది, జామినీ రాయ్ ఆ తొమ్మిదిమందిలో ఒకరు. వందేళ్ళు నిండాయా లేదా అన్నదానితో పనిలేదు, అవి అమ్మకానికి విదేశాలకు వెళ్ళడానికి లేదు. రేపు మీరు అమెరికాలో సెటిలై అది తెచ్చుకుందామన్నా కుదరదు.

మూడు లక్షలు మీ దగ్గర సిద్ధంగా ఉండి, బొమ్మలంటే నిజంగా ఇష్టముంటే, మన ఊళ్ళోనే పనిచేస్తున్న చిత్రకారుల స్టూడియోలకు వెళ్ళండి. మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో విభాగం ఉంది, అక్కడ చదివి వేస్తున్న పిల్లలున్నారు. వేసినవాళ్ళ చేతినుంచే తీసుకోండి, రసీదు మీద బొమ్మ పేరు, కొలతలు, తేదీ, ఇద్దరి సంతకాలు ఉండేలా చూసుకోండి, ఆ రసీదు కాపీ ఒకటి ఫ్రేము వెనక కవరులో పెట్టించండి.

ఇకమీదట బొమ్మల గురించి రాసే పాఠకులంతా ముందువైపు ఫొటోతో పాటు వెనకవైపు ఫొటో, కొలతలు, ఇంటికి ఎలా వచ్చిందో మీకు తెలిసినంత రాసి పంపండి. వెనకవైపు ఫొటో లేనివాటికి జవాబు రాయడం కష్టమవుతోంది.